మా నాన్న దిగని బాయి

మా నాన్న కరెంటు ప్లాంటు ల్యాబులో కెమిస్టు. బదిలీల మీద నాలుగు ఊళ్లు తిరిగి, నా ఇంటర్ అయిపోయిన ఏడాది జ్యోతినగర్ క్వార్టర్సుకు వచ్చాం. నేను గోదావరిఖనిలో డిగ్రీలో చేరాను. క్లాసులో దాదాపు అందరూ గని కార్మికుల పిల్లలే. చిన్నప్పటినుంచీ ఒకరికొకరు తెలుసు. నన్నెవరూ ఏమీ అనలేదు. నాతో ఎవరూ మాట్లాడనూ లేదు.

తెలుగు సారు శనివారం మధ్యాహ్నాలు మాతో కథలు రాయించేవారు. మొదటిసారి “మీ ఇంట్లో మనిషి గురించి రాయండి” అన్నారు. మా నాన్న గురించి ఎంతసేపటికీ ఏమీ తోచలేదు. షేర్ ఆటోలో రోజూ ఎదురుగా కూర్చునే కార్మికుణ్ణి తలుచుకుని, నుదుటి మీద టోపీ ఒత్తిన గీతతో, కళ్ల అంచున కడిగినా పోని మసితో ఒక తండ్రిని రాశాను. “మా నాన్న” అనే రాశాను.

చదివి వినిపించాక వెనక బెంచీ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది.

“మీ బాపు ఏ బాయిల చేస్తడు?”

బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. “ఇప్పుడు చెయ్యట్లేదు” అన్నాను. నోటికి అదే వచ్చింది.

“అన్‌ఫిట్ అయిండా? మా బాపు గూడ గంతే. నాలుగడుగులేస్తె దమ్మొస్తది” అని తన టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది.

రెండు నెలలు కలిసి తిన్నాం. ఆ ఊళ్లో నా కోసం సీటు ఆపి ఉంచిన మనిషి ఆమె ఒక్కతే. నిజం చెబితే ఆ సీటు పోతుందని రోజూ రేపటికి వాయిదా వేశాను.

ఒక ఆదివారం వాళ్లింటికి తీసుకెళ్లింది. మంచం మీద కూర్చున్న వాళ్ల నాన్న ఆప్యాయంగా అడిగాడు.

“మీ బాపుది ఏ బాయి బిడ్డా? నాకు ఎరుకున్నోడేమో.”

ఆ మనిషి ముందు అబద్ధం ఆడలేకపోయాను. “మా నాన్న ఎప్పుడూ బాయి దిగలేదండీ. ప్లాంటు ల్యాబులో చేస్తారు.”

“మంచిదే గదా బిడ్డా! దిగకుంటె ఏమాయె” అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆమె నీళ్లు తాగించింది. నా వైపు చూడలేదు.

ఆటో దాకా వచ్చి అప్పుడు అడిగింది.

“రాయనీకి నీకు మీ బాపు లేడా?”

ఆ శనివారం వెనక బెంచీకి వెళ్లిపోయింది. నేను మా నాన్న గురించే రాశాను: ఏ ఊళ్లోనూ గోడకు మేకు కొట్టనివ్వడని, బదిలీ కాగితం వస్తే అందరికంటే ముందు అట్టపెట్టెలు తెస్తాడని. చదువుతుంటే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆమె మాత్రం తలెత్తి చివరిదాకా విన్నది.

డిగ్రీ అయిపోయేదాకా మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.