తినని రోజు మాత్ర

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఆమదాలవలస దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి స్టాఫ్ నర్సుగా బదిలీ మీద వెళ్లాను. ఇది ఆ ఏడాది కార్తీకమాసంలో ఒక సోమవారం మధ్యాహ్నం జరిగింది.

మా వైపు జనానికి సీసాలో ఏది ఎక్కించినా సెలైనే. కాస్త నీరసమైతే చాలు, ఒకటి పెట్టమని వచ్చి మంచమెక్కేస్తారు. ఉప్పునీటి సీసా వేరు, గ్లూకోజు సీసా వేరు అని చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పెట్టేవి. గ్లూకోజులోనూ అయిదు, పది, ఇరవై అయిదు శాతం రకాలున్నాయి. చివరిది బాగా చిక్కన. నరం దాటి పక్కకు కారితే కండ దెబ్బతింటుంది. అందుకని మోచేతి దగ్గర పెద్ద నరం చూసుకుని మెల్లగా ఎక్కించాలి.

ఆ రోజు సన్యాసిరావు అనే రైతు భార్య అప్పలనరసమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. ఆవిడ మా దగ్గరే సుగర్ మాత్రలు తీసుకునే మనిషి. తెలివిలో లేదు, ఒళ్లంతా చెమట. వేలు గుచ్చి చూస్తే సుగర్ ముప్పై రెండు. డెబ్బై కంటే తగ్గితేనే మేం కంగారు పడతాం. డాక్టరుగారు జిల్లా సమావేశంలో ఉన్నారు. ఫోన్ చేస్తే ఇరవై అయిదు శాతం వెంటనే ఎక్కించమన్నారు. ఆ మాట కేసు షీటులో రాసుకుని సూది తీసేసరికి సన్యాసిరావు నా చెయ్యి పట్టేసుకున్నాడు.

“సుగరు మనిసికి గ్లూకోజేటమ్మా? సంపేస్తారేటి?”

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడావిడ ఒంట్లో సుగర్ అడుగంటిపోయిందని, ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుందని చెప్పి చెయ్యి విడిపించుకున్నాను. సీసా అవకముందే ఆవిడ కళ్లు తెరిచింది. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది. ఇంత తొందరగా గుణం చూపే మందు మరొకటి నేనెరగను.

ఆవిడ మాత్రం సీసా వంక చూసి, అదేమిటని మొగుణ్ణి అడిగింది. గ్లూకోజన్నాడు.

“తిండేనా? నా ఉపాసం పోయినట్టేనా?”

సోమవారం ఉపవాసం. మందు తిండి కాదు గనక పొద్దున్న మాత్ర వేసుకుందట. గ్లూకోజు తిండే గనక సూది తీసేయమంటుంది. ఖాళీ కడుపున సుగర్‌ను అలా దించేసిన ఆ మాత్ర ప్రభావం ఒక పూటతో పోయేది కాదు. పది శాతం సీసా మర్నాటి దాకా నడవాలి, ఆపితే మళ్లీ పడిపోతుంది. తిండి కాదని అబద్ధమాడితే నా పని సులువయ్యేదే, కానీ వచ్చే సోమవారం మళ్లీ ఇదే కథ. తిండేనని, అది లేకే పడిపోయావని చెప్పేశాను. ఆవిడ సూది మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసింది సన్యాసిరావే.

“సోమారాలు మళ్లీ వస్తాయే. నువ్వొస్తావేటి? పడుకో.”

గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు రెండిడ్లీలు తిని, నడిచి వెళ్లడానికి లేచింది. ఉపవాసం రోజు మాత్ర ఎవరు వేసుకోమన్నారని గట్టిగానే కేకలేశాను.

“మీరే కదమ్మా. ఏ రోజూ మానొద్దని సెప్పినారు.”

నిజమే. మాత్రలిచ్చిన ప్రతిసారీ అదే చెప్పాను. తినని రోజు ఏం చేయాలో ఒక్కసారీ చెప్పలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, మాత్రలు చేతిలో పెట్టేముందు ఉపవాసాలేమైనా ఉన్నాయా అని అడిగి, ఉంటే డాక్టరుగారి దగ్గరకు పంపేదాన్ని. రోగి మాట వినలేదని కోప్పడేముందు, నేను చెప్పిన మాట ఏమిటో గుర్తు చేసుకోవడం అలవాటు చేసుకున్నాను.