చివరింటి బిందెలు నిండాకే మోటార్లు

చిన్నప్పుడు మా నాచారం గల్లీలో నల్లా వచ్చే పొద్దున ఎవరింట్లోనూ టీ పెట్టేవారు కాదు... ముందు బిందెలు, తర్వాతే పొయ్యి.

రోజు విడిచి రోజు వచ్చేవి నీళ్లు. గంటసేపు వస్తే గొప్ప. మెయిన్ రోడ్డు దగ్గర గల్లీ మొదలు... అక్కడి నుంచి మిట్ట ఎక్కుతూ పోతే చివర దేవమ్మ అవ్వ ఇల్లు. కింద మొదట్లో ఉన్నవాళ్లు సంపుల్లోకి మోటారు వేశారంటే పైన అవ్వ నల్లాలో బుస్సుమని గాలి తప్ప చుక్క రాదు. దవాఖానాలో ఆయాగా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి, ఒక్కతే ఉండేది. నీళ్ల కోసం గేటు దగ్గర నేలలోకి గుంత తవ్వించి, అందులోకి దించిన నల్లా కింద బిందె పెట్టుకుని కూర్చునేది పాపం.

ఆ నీళ్ల కోసం మా గల్లీలో జరిగిన లొల్లి అంతా ఇంతా కాదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజులూ ఉన్నాయి.

మా మమ్మీ స్కూల్ టీచరు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది. చివరింటి నుంచి "నిండినయ్" అని కేక వచ్చేదాకా ఎవరూ మోటారు వేయకూడదు. అంతవరకు నల్లా కింద ఎవరి బిందెలు వాళ్లు పట్టుకోవాలి. అంతే పద్ధతి.

అవ్వ "నిండినయ్" అనేది. పక్కింటివాళ్లు అందుకునేవారు, తర్వాత మమ్మీ... అలా దిగుతూ దిగుతూ గల్లీ మొదట్లో కిరాణా కొట్టు మూర్తి అంకుల్ దగ్గరికి చేరేది. ఆయన భీమవరం వైపు మనిషి. "నిండాయట" అని ఇంట్లోకి చెప్పి స్విచ్ వేసేవారు. మిట్ట మీద తెలంగాణలో బయల్దేరిన మాట రోడ్డు దగ్గరికి వచ్చేసరికి కోస్తాకి చేరిపోతుందని డాడీ నవ్వేవారు.

ఒక రోజు ఆ మాట రాలేదు.

బిందెలు నిండాయి, బకెట్లు నిండాయి... నల్లా ధార సన్నబడుతోంది. పైనుంచి సద్దు లేదు. మోటార్లున్నవాళ్లంతా మెట్ల మీద నిలబడి మిట్ట వైపు చూస్తున్నారు.

"ముసలామె బట్టలు గిట్ల పిండుతుందేమో. మర్చిపోయింటది. ఏసెయ్యుర్రి" అన్నాడు ఎదురింటాయన.

"ఆమె చెప్పలే కదా. చెప్పినంక ఏద్దాం" అంది మమ్మీ.

మూర్తి అంకుల్ అసలే చిరాకు మనిషి. ఆ రోజు వాళ్లమ్మ తద్దినం. తడి పంచెతో స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"సంపులో చుక్క లేదు టీచరమ్మా. కాసేపట్లో బ్రాహ్మలు వస్తారు. ఇంటినిండా చుట్టాలు. ఏం చెయ్యమంటారు నన్ను?"

"నేనేం జెప్పాలన్నా... పైనుంచి మాటైతే రాలే."

ఆయన ఏదో గొణిగారు. చెయ్యి తీసేసి, పంచె ఎగ్గట్టుకుని విసవిసా మిట్టెక్కారు, అవ్వకు నాలుగు చివాట్లు పెట్టి వద్దామని.

అవ్వ గుంత పక్కన ఒరిగి పడి ఉంది. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. బిందె ఎప్పుడో నిండి పొర్లి గుంతలో నీళ్లు నిలిచాయి. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి... పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు.

అంకులే ఆమెను రెండు చేతులతో ఎత్తుకుని మిట్ట దిగారు. మమ్మీ, ఆయన ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లారు. ప్రాణానికి భయం లేదని అక్కడి డాక్టరు చెప్పాకే వెనక్కి వచ్చారు. అప్పటికి నల్లా ఎప్పుడో ఆగిపోయింది. ఆగేదాకా కూడా ఎవ్వరూ మోటారు వేయలేదు. ఎందుకంటే ఏం చెప్పను... వేయాలని ఎవరికీ అనిపించలేదు.

అంకుల్ వాళ్ల గుమ్మంలో బ్రాహ్మలు కూర్చుని ఉన్నారు. గల్లీలో ఆడవాళ్లు తలా ఒక బిందె తెచ్చారు. తీరా గడప దగ్గరికి వచ్చాక అందరూ ఆగిపోయారు... మాలో చాలామందిమి క్రైస్తవులం, లోపల తద్దినం. మడి ఉంటుంది కదా. ఆంటీ అంకుల్ వైపు చూసింది.

ఆయన వచ్చి మమ్మీ చేతుల్లోంచి బిందె అందుకున్నారు.

"ఇటివ్వండి టీచరమ్మా. మా అమ్మ ఏమీ అనుకోదు."

మమ్మీ ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. అవ్వ కోసమే అనుకున్నాను అప్పుడు.

అవ్వ బతికింది. నోరు కాస్త వంకర పోయింది, మాట ముద్దముద్దగా వచ్చేది. అయినా నల్లా వచ్చిన రోజు తనే చెప్పేది, మా గల్లీకి అర్థమయ్యేది. తర్వాత కొన్నేళ్లకు పెద్ద పైపులు వేశారు, కొత్త ట్యాంకు కట్టారు. మిట్ట మీదికి కూడా ధారగా నీళ్లు ఎక్కాయి. అందరం సంతోషించాం, నేనూ సంతోషించాను. మంచి రోజులే అవి, కాదనను. ఒకరి కోసం ఒకరం ఆగే పని మాత్రం లేకుండా పోయింది... ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు.

ఇప్పుడు ఉప్పల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ట్యాంకు ఖాళీ అయితే మోటారు దానంతట అదే ఆన్ అవుతుంది. ఎండాకాలం ట్యాంకరు కావాలంటే ఫోన్లో బుక్ చేస్తే వచ్చేస్తుంది. నీళ్ల గురించి పక్కవాళ్లతో మాట్లాడే అవసరం ఏనాడూ రాలేదు.

మొన్న వేసవిలో మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన పోయారు. వాసన వచ్చేదాకా మాకెవరికీ తెలియలేదు. పోలీసులు వచ్చి పేరు అడిగితే చెప్పలేకపోయాం.

మీ గల్లీల్లో నల్లా వచ్చే వేళ ఎవరి కోసం ఎవరు ఆగేవారో రాయండి... చదవాలని ఉంది. ఆ పెద్దాయన తలుపు వెనక ఉన్నన్ని రోజులూ మా ఇంట్లో నీళ్లు ఒక్క పూట కూడా ఆగలేదు.