గట్టు మీద గరిక

మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు ఫోటో తీయించి మరీ చూపించి, రోజూ పొద్దున అరగంట నడవమని రాసిచ్చాడు. నడిచి నడిచి అరిగిన మోకాళ్లకు మళ్లీ నడకే మందని చెప్పడానికి అంత పెద్ద చదువు ఎందుకో నాకు తెలియలేదు గానీ, మాత్రలకన్నా నడక చవక కదా అని మేడ్చల్‌లో మా అబ్బాయి ఇంటి ముందు కాలనీ రోడ్డు మీద నడుస్తున్నాను. గుంటా మెట్టా లేని సిమెంటు రోడ్డు. తుర్కపల్లి కంపెనీలకు మనుషుల్ని తీసుకుపోయే కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే పక్కకు ఒదిగి నిలబడటమే ఎక్కువ, నడవటం తక్కువ. ఇంత చదునైన దారి మీద ఇంత అలసట ఎక్కడినుంచి వస్తుందో అనుకుంటూ మొన్న ఒకరి గేటు పక్క అరుగు మీద కూలబడ్డాను. సిమెంటు పగుల్లోంచి గుప్పెడు గరిక మొలిచి ఉంది. పీకుదామని చేయి ముందుకు పోయి, తనంతట తానే వెనక్కి వచ్చింది. ఆ చేయి ఎందుకు వెనక్కి వచ్చిందో చెప్పాలంటే శామీర్‌పేట చెరువు కింది కాలువ దాకా పోవాలి.

మాది ఆ చెరువు నీళ్లతో పండే పల్లె. మా అత్తకు ఇద్దరు కొడుకులు. పెద్దాయనకు నేను, చిన్నాయనకు నా తోడికోడలు. పొయ్యిలు వేరయ్యాయి, మడులు వేరయ్యాయి, కానీ కాలువ ఒక్కటే, దాని గట్టు మీద దారి ఒక్కటే. తెల్లారుతూనే సద్ది మూట కట్టుకుని ఇద్దరం ఒకరి వెనక ఒకరం పొలానికి నడిచేవాళ్లం, పక్కపక్కన నడవటానికి ఆ గట్టు అడుగు వెడల్పు మించి ఉండేది కాదు. ఎడమ పక్క కాలువ, కుడి పక్క వరి, కాళ్ల కింద చల్లటి బురద. చెప్పులు అరుగుతాయని నేను చేతిలో పట్టుకునేదాన్ని. చిన్నది మాత్రం చెప్పులు వేసుకునే, తల పైకెత్తుకుని, ఏ కొంగ ఎటు పోతోందో, ఏ పిట్ట ఏ చెట్టు మీద గూడు కట్టిందో చెప్పుకుంటూ ముందు నడిచేది. దానికి ఆకాశం కావాలి, నాకు నేల కావాలి. చేతులు ఊపుకుంటూ ఇంటికి తిరిగి రావడం నాకు పుట్టుకతో చేతకాదు. పుల్లో, పిడకో, గడ్డి మోపో నెత్తిన లేనిదే నడిచినట్టే ఉండేది కాదు. మీలో నా ఈడువాళ్లకు ఇది వింతేమీ కాదు.

చెరువు కింద సేద్యం చేసినవాళ్లకు నీళ్ల వంతు సంగతి తెలుసు. ఎనిమిది రోజులకొకసారి ఒక ఇంటికి నీళ్లు. రేపు ఎవరి వంతో, ఇవాళ ఆ ఇంటి ఆడమనిషి తూము దగ్గరినుంచి తమ మడి దాకా గట్టు చూసుకుంటూ నడవాలి. ఎండ్రకాయ బొక్క కనిపిస్తే మట్టి కుక్కాలి, చెమ్మ ఊరుతుంటే తొక్కి గట్టిచేయాలి. నీళ్లు వదిలాక గండి పడితే తప్పు ఆ నడిచినామెదే. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది, అది పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. గట్టు మీది గడ్డిని కొడవలితో కోసుకోవచ్చు గానీ వేర్లతో సహా పీకకూడదు. మట్టిని పట్టుకుని ఉండేవి ఆ వేర్లే.

ఆ ఏడు యాసంగి పంటప్పుడు ఎక్కడా పచ్చగడ్డి లేదు. మా బర్రె ఈని పది రోజులైంది. కొడవలితో కోస్తే రెండు వేళ్ల గడ్డి నేలకే మిగిలిపోతోందని నాకు ప్రాణం కొట్టుకునేది. కాలువ వంపు దగ్గర, ఎవరికీ కనపడని నీళ్ల వైపున, నాలుగు రోజులు గరికను వేర్లతో సహా పీకాను. వేర్లకున్న మట్టిని ఆ కాలువలోనే జాడించి మోపు కట్టాను. పీకిన చోట బురద మెత్తి అరచేత్తో నున్నగా అలికాను కూడా. ఇల్లు అలికే చేయి కదా, అంత బాగా అలికాను.

అయిదో నాడు చిన్నదాని వంతు. ముందు రోజు అది గట్టంతా చూసింది. ఏమీ కనపడలేదు, నేను అలికింది కనపడేలా లేదు మరి. తెల్లారి తూము ఎత్తారు. నీళ్లు వంపు దాకా వచ్చి, ఆ చోటనే గట్టును కోసుకుని బీడులోకి పడ్డాయి. మట్టి బస్తాలు వేసి గండి పూడ్చేసరికి మధ్యాహ్నం దాటింది, చెరువులో నీళ్లు తక్కువని ఆ పూటకు తూము దించేశారు. దాని వరి అప్పుడు పొట్ట మీద ఉంది. ఆ తడి అందకపోతే గింజ పాలు పోసుకోదు.

నీళ్లు వదిలే నీరటి ముసలాయన అందరి ముందే దాన్ని పట్టుకున్నాడు. "కండ్లు యాడ వెట్టుకోని నడిసినవ్ పిల్లా? ఎండ్రకాయ గంత బొక్క జేస్తుంటే కనవడలేదా?"

"కొంగల లెక్క వెట్టుకుంట నడిస్తే గట్టెట్ల కనవడ్తది," అని అందుకుంది మా అత్త. "పెద్దదాన్ని జూసన్న నేర్సుకో. అడుగడుగు సూసి నడుస్తది."

నెత్తి మీద మట్టి గంప పెట్టుకుని ఆ పెద్దదాన్నైన నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. గంప బరువుకు మెడ నొప్పిగా ఉందని, గంప దించాక చెబుదామని అనుకున్నాను. గంప దించాను, చెప్పలేదు.

రెండు రోజులకు మా వంతు వచ్చింది. మా ఆయనతో పోట్లాడి సగం నీళ్లు దాని మడికి మళ్లించాను. మా మడిలో ఓ మూల ఎండింది, దాని మడిలో సగం తాలే పోయింది. పిడికిలి విప్పని పెద్ద కోడలు నీళ్లు ఇచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. అందరికన్నా ఎక్కువ చెప్పుకున్నది అదే. ఎక్కడికి పోయినా, మా అక్క నా వరిని బతికించింది అనేది. ఆ మెప్పు విన్నప్పుడల్లా నేను పనుందని లేచిపోయేదాన్ని.

ఆ తర్వాత కూడా ఇద్దరం ఆ గట్టు మీదే నడిచాం. అది చేతిలో కర్ర పట్టుకుని, తల వంచుకుని, కనపడ్డ బొక్కనల్లా పొడిచి చూసుకుంటూ నడిచేది. పిట్టల ఊసే లేదు. కొన్నాళ్లకు బోర్లు వచ్చాయి, వంతులు పోయాయి. మడులు ప్లాట్లయ్యాయి, కాలువ పూడింది. అది సూరారంలో కూతురి దగ్గరికి చేరింది, నేను మేడ్చల్‌కు వచ్చాను.

పోయిన చలికాలం మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. పొద్దున ఇద్దరం ఈ సిమెంటు రోడ్డు మీదే నడిచాం. ఇక్కడ కూడా అది మెడ వంచుకుని నేలనే చూస్తోంది.

"ఏం దేవులాడుతున్నవే, ఈడ ఎండ్రకాయలుంటయా?" అని నవ్వాను.

"అలవాటైందక్కా. ఆ పొద్దు నేను సక్కగ సూడకనే గద గండి వడ్డది. అప్పటిసంది కిందికి సూడకుంట అడుగు వెయ్యబుద్ధి గాదు."

దాన్ని అందరూ తిట్టి మరిచిపోయారని ఇన్నేళ్లూ అనుకున్నాను గానీ, తన కళ్లను తానే నమ్మడం మానేసిందని నాకు తట్టలేదు.

"నీ తోటి కాలేదే గండి," అన్నాను. "నేను గరిక పీకిన ఆడ. పీకి మట్టి మెత్తిన."

అది ఆగిపోయింది. "ఎన్నొద్దులు పీకినవ్?"

"నాలుగొద్దులు."

"కొడవలి లేకుండెనా ఇంట్ల?"

"ఉండె."

చాలాసేపు నా ముఖంలోకే చూసింది. ఆ ఒక్కసారే తల పైకెత్తి ఉంచింది. తర్వాత ఇంటికి వచ్చి సంచి సర్దుకుని, "ఇగ నేను పోత. ఆటో పిలువుమను," అంది. అన్నం తినమంటే తినలేదు.

మళ్లీ రాలేదు. ఫోను చేస్తే కూతురు ఎత్తి, అమ్మ పండుకుందంటుంది. పొద్దున చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. దాని కోపం న్యాయమైనదే కాబట్టి నేను గట్టిగా అడగలేను.

గట్టు మీద నడిచిన రోజుల్లో మేం తక్కువేమీ పోట్లాడుకోలేదు. బర్రె దూడ మేసిందని, పిల్లలు కొట్టుకున్నారని, అత్త ఒకరి మాట ఒకరికి మోసిందని మాటలు మానుకున్న రోజులు ఎన్నో. కానీ తెల్లారితే పొలానికి పోవాలి, పోవడానికి ఉన్నది ఆ ఒక్క దారి. ముఖం మాడ్చుకునే బయలుదేరేవాళ్లం. వంపు దగ్గరకు వచ్చేసరికి ముందు నడిచేవాళ్లు "జారుతది, పైలం" అనక తప్పేది కాదు, అనకుండా పోతే వెనకామె నిజంగానే కాలువలో పడుతుంది. ఆ మాటతో కోపం సగం పోయేది, మిగతా సగం పొలం చేరేలోపు ఎటో పోయేది. ఇప్పుడు సూరారం నుంచి మా ఇంటికి ఎన్ని దారులో. బస్సులున్నాయి, ఆటోలున్నాయి, ఎటు నుంచి ఎటైనా తిరిగి పోవచ్చు. ఎవరి మీద ఎవరికి కోపం వచ్చినా ఎదురుపడే పని లేదు, ఎన్నాళ్లైనా అలాగే ఉండిపోవచ్చు.