నాకు ఓటెయ్యకండి అన్న విన్నీ

వినిఫ్రెడ్ ఆక్రాయిడ్ ఎన్నికల్లో నిలబడుతుంది, ఇంటింటికీ వెళ్ళి తలుపు తడుతుంది, "నాకు మాత్రం ఓటెయ్యకండి" అని చెప్పి వస్తుంది. ఆమెకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో ఇంగ్లండులోని మా రిపన్ నగరంలో అంత బుర్ర ఉన్న మనిషి ఇంకొకరు లేరు. పాతికేళ్ళు మాంసం కొట్టు నడిపింది. తూకంలో గాని, తిట్టడంలో గాని ఎవరికీ తక్కువ చెయ్యలేదు.

ఆమె ప్రత్యర్థిని నేనే. క్లిఫర్డ్ టోర్డాఫ్, మిల్ బ్యాంక్ వార్డు కౌన్సిలర్ని. మాది పేరుకే నగరం, కౌన్సిల్లో కూర్చోవడానికి మనుషులే దొరకరు. మొదటి రెండుసార్లు నా మీద ఎవరూ నిలబడలేదు కాబట్టి ఓటింగ్ లేకుండానే గెలిచాను. అది జనానికి నా మీదున్న గౌరవం అనుకున్నాను.

మూడోసారి, అంటే ఎనిమిదేళ్ళ క్రితం, నామినేషన్ల గడువు ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా విన్నీ వచ్చి కాగితాలు పడేసి పోయింది. నా భార్య జీన్ పోయిన ఏడాది అది. జీన్ ఫిబ్రవరిలో పోయింది, ఎన్నిక మే నెలలో. భార్య పోయినవాడి మీద పోటీకి దిగుతుందా అని పళ్ళు నూరుకున్నాను. ఆ కోపంలోనే, చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకుని గడప దాటాను.

మొదటి ఇల్లు మా వార్డులో పాతకాపు సగ్డెన్‌ది.

"విన్నీ ఇప్పుడే వచ్చి వెళ్ళింది," అన్నాడు.

"ఏమంది?"

"తనకి ఓటెయ్యొద్దంది."

"మరి ఎవరికెయ్యమంది?"

"అదే అడిగాను. 'నీకు బుర్ర లేదా' అంది. సరేగాని, లోపలికి రా క్లిఫ్. టీ తాగుదువుగాని."

అదంతా నా మాటకారితనం మహిమ అనుకున్నాను. ఆ వార్డులో ఏ తలుపు కొట్టినా అదే మర్యాద. టీ, పక్కన కేకు ముక్క, తీరిగ్గా గంటసేపు కబుర్లు. మురుగుకాల్వల గురించి నలభై నిమిషాలు చెప్పినా ఒక్కరూ లేచి వెళ్ళలేదు. ఒక పెద్దాయన కళ్ళు మూసుకుంటే తన్మయత్వం అనుకున్నాను. మూడు వారాలయ్యేసరికి ప్యాంటు బొత్తాం పెట్టడం కష్టమైంది.

ఆసారి నాకు మూడు వందల పది ఓట్లు, విన్నీకి తొమ్మిది. నాలుగేళ్ళ తర్వాత ఆమె మళ్ళీ నిలబడింది, మళ్ళీ ఓటెయ్యొద్దంది. డెబ్భై వచ్చాయి. "చెప్తే వినరేం మీరు?" అని నడివీధిలో నిలబడి జనాన్ని కేకలేసింది.

ఈ ఏడాది నాకు భయం పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, జీన్ పోయాక నాకు మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే. కౌన్సిల్ మీటింగు లేకపోతే ఏ రోజు ఏ వారమో కూడా నాకు తెలియదు. అందుకని నా ఫోటోతో కరపత్రం అచ్చేయించి, కింద నేను సాధించినవి రాశాను. ఒకటి, నది ఒడ్డున బెంచీకి రంగు వేయించడం. రెండు, అదే బెంచీకి మళ్ళీ రంగు వేయించడం.

సగ్డెన్ దాన్ని కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాడు. "రెండుసార్లు వేయించావా? అందుకేనా ఇంకా ప్యాంటుకి అంటుకుంటోంది?"

"నీ ఓటు నాకే కదా?"

"విన్నీకి, క్లిఫ్. నలభై ఏళ్ళుగా ఈ గుమ్మంలోకి ఎంతమందో వచ్చారు. గొప్పలు చెప్పుకోనిది ఆవిడొక్కతే."

"ఆవిడే వద్దంటోంది కదయ్యా."

"అందుకే వేస్తున్నాను."

అలా అనుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. లెక్కింపు అయ్యాక విన్నీకి నూట అరవై ఒకటి, నాకు నూట యాభై ఎనిమిది. ఓడిన నాకన్నా గెలిచిన విన్నీ ముఖమే ఎక్కువ పాలిపోయింది.

"మళ్ళీ లెక్కపెట్టండి," అంది.

"అమ్మా, గెలిచింది మీరు," అన్నాడు అధికారి.

"తెలుసు నాయనా. అందుకే మళ్ళీ లెక్కపెట్టమంటున్నా."

లెక్కపెట్టారు. నా కట్టలో పొరపాటున కలిసిన ఆమె ఓటు ఒకటి బయటపడి, మూడు ఓట్ల తేడా కాస్తా అయిదయింది. ఆమె ఇంకోసారి లెక్కపెట్టమంది.

"వద్దు విన్నీ," అన్నాను. "ఈ లెక్కన నేను వేసుకున్న ఓటు కూడా నీదే అయ్యేలా ఉంది."

బయట మెట్ల మీద ఆమెను నిలదీశాను. "అక్కర్లేనిదానివి ఎందుకు నిలబడ్డావు? నామీద నీకేం పగ?"

"పగా?" అంది విన్నీ. "జీన్ పోయాక నువ్వు కర్టెన్లు తియ్యడం మానేశావు. తలుపు కొడితే పలకవు. పోటీ లేకపోతే ఆ చీకట్లో కూర్చునే గెలిచేవాడివి. ఎవడైనా నిలబడతాడేమోనని ఆఖరి రోజు దాకా చూశాను. ఒక్కడూ రాలేదు. పోటీ అంటే కోపంతోనైనా బయటికొస్తావుగా."

"మరి ఆ ఇంటింటికీ తిరగడం?"

"నాకు ఓటెయ్యొద్దనడం సగమే. క్లిఫ్ వస్తాడు, తిన్నాడో లేదో, కూర్చోబెట్టి ఏదైనా పెట్టండి, మురుగుకాల్వల గురించి మొదలుపెడితే కాస్త ఓర్చుకోండి అని కూడా చెప్పాను."

ఎనిమిదేళ్ళ నా వాక్చాతుర్యం అక్కడే మెట్ల మీద కూలిపోయింది. సిగ్గేసింది. అయినా నాకోసం ఊరంతా ఒకే రహస్యాన్ని ఇన్నేళ్ళు దాచిందంటే భలే సంతోషం కూడా వేసింది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాను.

"పదవి ఒప్పుకుంటూ సంతకం పెట్టను. సీటు ఖాళీ అవుతుంది, మళ్ళీ ఎన్నిక పెడతారు. మళ్ళీ నువ్వు ప్రతి తలుపూ కొట్టాలి."

"మళ్ళీ నిలబడతావా?"

"నేనా? జనానికి నా మాటంటే లెక్కలేదు. సగ్డెన్‌ని నిలబెడతాను. వాడికి వాడి పెళ్ళాం కూడా వెయ్యదు."

మర్నాడు పొద్దున్నే ప్రచారం మొదలుపెట్టాను. ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ తట్టని తలుపు ముందుగా తట్టాను. విన్నీ తీసింది.

"క్లిఫర్డ్ టోర్డాఫ్ అండీ, మీ వార్డు అభ్యర్థిని," అన్నాను. "మీ ఓటు నాకు వేస్తారని ఆశిస్తున్నాను."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా తేరిపార చూసింది.

"ఆలోచించి చెప్తాను," అని తలుపు బార్లా తెరిచింది.