మైల ఇంటికి రాని కబురు

“కబురు రాకపోతే ఏం చేద్దామే?” అని అడిగాడు ఆయన, గడపలో కూర్చుని తలకు తువ్వాలు చుట్టుకుంటూ.

“రాకపోతే మనమే పోయి అడుగుదాం. నువ్వు ముందు పనికి పో” అన్నాను నేను, పొయ్యి దగ్గరి నుంచి తల కూడా తిప్పకుండా.

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. మొగుడూ పెళ్ళాల ఆఖరి మాటలంటే ఏదో పెద్దవే అయి ఉంటాయనుకుంటారు గానీ, క్వారీకి పోయే మనిషితో పొద్దున్నే ఎవరు అట్లాంటివి మాట్లాడతారు? ఇన్నేళ్ళకు ఆ మాటలు మళ్ళీ నా చెవిన పడ్డాయంటే దానికి కారణం మా తమ్ముడు. నిన్న అన్నం కంచం ముందు కూర్చుని వాడు తన పెళ్ళాన్ని అచ్చం అట్లాగే అడిగాడు, కబురు రాకపోతే ఏం చేద్దామని. వాడి కూతురు, అంటే నా మేనకోడలు, నేను చెబుతుంటే ఇప్పుడు ఈ మాటలు రాస్తున్న పిల్ల, ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కాలేజీలో చేరడానికి కావలసినవన్నీ పంపింది. వాళ్ళు సీటు ఇస్తామనలేదు, ఇవ్వమనీ అనలేదు, ఇంకా చూస్తున్నాం, తర్వాత చెబుతాం అని ఫోనుకు పంపారట. అది వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరో పోయినట్టుంది. మా మరదలు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోతోంది. తమ్ముడేమో ఊళ్ళో ఎవరైనా అడుగుతారని మిరపచేనుకు చుట్టుదారిన పోతున్నాడు. నాకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదు, అయినా తర్వాత చెబుతాం అన్న మాట ఎంత బరువో నాకు తెలుసు. అందుకే ఈ పిల్లను పిలిచి, ఫోను అవతల పెట్టి పెన్ను తీసుకోమన్నాను. నా ఈడువాళ్ళు, పిల్లల కోసం బిడియం చంపుకుని కాలేజీ మెట్లెక్కినవాళ్ళు ఉంటే, నేను చెప్పేది వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది.

గురజాల పక్క పల్లె మాది. ఆయన నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు, నేను చేలల్లో కూలికి పోయేదాన్ని. మా అమ్మాయి ఇంటరు పాసై, నర్సు చదువుతానంది. అది చిన్నగా ఉన్నప్పుడు ఆయన వేలు రాయి కింద నలిగితే ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి నర్సమ్మ కట్టు కడుతూ, ఇన్ని రోజులు పసుపు రాసుకుని కూర్చున్నావా, బుద్ధుందా అని ఆయన్ను కడిగిపారేసింది. మా ఇంట్లో ఆయన్ను ఎవరూ అంత మాట అనేవాళ్ళు కాదు. నోరెత్తకుండా తల దించుకున్న తండ్రిని చూసిన నాడే ఆ పిల్ల తానేం కావాలో తేల్చుకుందని నా నమ్మకం.

నరసరావుపేటలో, మేం పేట అంటాం, ఒక నర్సింగు కాలేజీ ఉంటే ముగ్గురం పోయాం. ప్రిన్సిపాల్ మేడం పిల్లను అడగవలసినవన్నీ అడిగి, మార్కులు బాగానే ఉన్నాయి గానీ సీట్లు నిండాయి, ఎవరైనా చేరకపోతే కబురు చేస్తాం, ఇప్పుడే ఏమీ చెప్పలేం అంది. మా వీధి మొత్తానికి ఫోను ఉన్నది కొట్టు పిన్ని దగ్గరే. ఆమె మాకు చుట్టమేమీ కాదు, కొట్టు నడుపుతుంది కాబట్టి అందరికీ కొట్టు పిన్ని. ఆ నంబరే ఇచ్చి వచ్చాం. ఆనాటి నుంచి ఆయన క్వారీ నుంచి వస్తూ ఇంటికి రాకుండా నేరుగా కొట్టుకు పోయేవాడు. ఏమైనా వచ్చిందా అని అడగడానికి సిగ్గుపడి, అవసరం లేకపోయినా బీడీ కట్ట కొనుక్కుని, ఆ ఫోను వైపు కాసేపు చూసి వచ్చేవాడు. జేబుల్లో బీడీ కట్టలు పేరుకుపోతుంటే నేను ఎగతాళి చేసేదాన్ని.

పొయ్యి దగ్గర ఆ మాటలు అనుకున్న రోజే క్వారీలో పైనున్న పలక జారి ఆయన మీద పడింది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

మా వైపు మొగుడు పోయిన ఆడది మూల కూర్చోవాలి. గడప దాటకూడదు, ఎవరికీ ఎదురు రాకూడదు. పుట్టింటివాళ్ళు వచ్చి నిద్రకు తీసుకుపోవాలి, అంటే వేరే చోట ఒక రాత్రి పడుకోబెట్టి తీసుకురావాలి, ఆ తర్వాతే బయట తిరగడం. నేనూ కూర్చున్నాను. గాజులు తీసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిల్ల మొహం చూస్తూ, పేట నుంచి కబురు రాలేదు కదా అనుకుంటూ పెద్దకర్మ దాకా అట్లాగే కూర్చున్నాను. పెద్దకర్మ అయిన మర్నాడు కొట్టు పిన్ని వచ్చి, నా పక్కన చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ ఆయన పోయిన మర్నాడే పేట నుంచి ఫోనొచ్చిందే. సీటు ఖాళీ అయిందంట, పిల్లను వెంటనే తీసుకురమ్మన్నారు. మైల ఇంట్లోకి శుభం మాట ఎట్టా మోసుకొచ్చేది? దినం కానిద్దాంలే అని ఆగా.”

నేను ఆమెను ఒక్క మాట అనలేదు. శవం లేచిన ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా మంచి మాట చెప్పకూడదని మా అందరికీ తెలుసు, ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని. అన్ని రోజులూ ఆ మాట కడుపులో పెట్టుకుని ఆమె పడ్డ బాధ ఆమె మొహంలోనే కనబడింది. అప్పుడు నేను తేల్చుకున్నది ఒక్కటే, ఆచారం మింగిన సీటును ఆచారం పేరు చెప్పే బయటికి తీయాలని.

మా బావగారు, అంటే ఆయన అన్న, ఈ సంగతి విని కాలేజీ మాట ఇక అయిపోయిందనీ, తన బామ్మర్ది కొడుకు లారీ నడుపుతున్నాడనీ, పిల్లను అక్కడ ఇచ్చేస్తే నా భారం తీరుతుందనీ అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నన్ను నిద్రకు తీసుకుపొమ్మని తమ్ముడికి కబురు పెట్టాను. అప్పుడు మా మరదలు కడుపుతో ఉంది. కడుపులో ఉన్నది ఈ రాస్తున్న పిల్లే. నిండు చూలాలున్న ఇంటికి కొత్తగా ముండమోసిన దాన్ని తీసుకుపోకూడదని పెద్దవాళ్ళు ఆలోచించి, అమరావతి తీసుకుపోయి అమరేశ్వరుడి గుడి దగ్గర నిద్ర చేయించుకు రమ్మన్నారు. పిల్లను కూడా వెంట పెట్టుకున్నాను. పిడుగురాళ్ళలో దిగి బస్సు మారేటప్పుడు నేను పేట బస్సు దగ్గరికి నడిచాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని అది అమరావతి బస్సు కాదక్కా అన్నాడు.

“బోర్డు చదవడం రాదు గానీ, ఏ బస్సు ఎటు పోద్దో నాకు తెలుసురా. ఎక్కు.”

కాలేజీ గేటు దగ్గర నౌకరు నా బోసి నుదురు చూసి, పిల్లలు చేరే రోజులు, కాస్త పక్కకు కూర్చో అమ్మా అన్నాడు. నేను పక్కకు పోలేదు, నేరుగా మేడం గదిలోకే పోయాను. జరిగింది చెప్పాను. ఆమె రిజిస్టరు తెరిచి పేర్లన్నీ ఒకసారి చూసుకుంది. తర్వాత, మీరు రాకపోయేసరికి ఆ సీటు వేరే పిల్లకు ఇచ్చాం, ఈ ఏడాదికి ఏమీ లేదు, వచ్చే ఏడు చూద్దాం అంది. నా వెనక మా అమ్మాయి ఏడుపు ఆపుకుంటోందని దాని ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

“చూద్దాం అంటే కుదరదమ్మా. కాదంటే కాదని చెప్పు, నా పిల్లకు ఇంకో దారి చూసుకుంటా. ఉందంటే ఉందని చెప్పు, ఏడాదంతా నేను కాచుకుంటా. ఎటూ చెప్పకుండా పంపావంటే మాత్రం నేనీడనే కూర్చుంటా.”

మేడం మా అమ్మాయి మార్కులు మళ్ళీ ఒకసారి తిరగేసింది. వచ్చే ఏడు మొదట పిలిచేది దీన్నే, తీసుకురండి అంది. కాగితం ఏదీ ఇవ్వలేదు, నేను అడగలేదు కూడా. ఆ రాత్రి పేటలో సత్రంలోనే పడుకున్నాం, నా నిద్ర అక్కడే అయిపోయింది.

తిరిగి వచ్చేసరికి బావగారు వీధి అరుగు మీద ఉన్నాడు. దర్శనం బాగా అయిందా అని అడిగాడు. నలుగురూ వింటుండగానే చెప్పాను.

“అమరావతి పోలేదు బావా, పేటలో పడుకుని వచ్చా. వచ్చే ఏడు పిల్ల కాలేజీకి పోద్ది. లారీ అబ్బాయికి వేరే సంబంధం చూసుకోండి.”

ఆ ఏడాది మమ్మల్ని శుభకార్యాలకు పిలిచినవాళ్ళు తక్కువ. నిద్ర సరిగా చెయ్యని ముండ అని కొందరు, కాగితం ముక్కయినా ఇవ్వని కాలేజీని నమ్ముకుందని కొందరు అన్నారు. అన్నవాళ్ళ చేలకే కూలికి పోయి, వాళ్ళ ఎదురుగానే తలెత్తుకుని మిరపకాయలు కోశాను. మా అమ్మాయే ఒక రోజు పుస్తకాలు పెట్టెలో పడేసి, నాకెందుకమ్మా ఈ ఎదురుచూపు, నేనూ కోతకు వస్తానంది. రమ్మన్నాను. సాయంత్రానికి చేతులు మండి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని గంగవెర్రులెత్తి పోయింది. మజ్జిగతో చేతులు కడుగుతుంటే ఏడుస్తూనే నవ్వింది. మర్నాడు పుస్తకాలు పెట్టెలో నుంచి బయటికి వచ్చాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పంచుకుని చూడవలసిన ఎదురుచూపు అది, ఆయన వంతు కూడా నేనే చూశాను. మరుసటి ఏడు మేడం మాట తప్పలేదు. ఈనాడు మా అమ్మాయి సర్కారు ఆసుపత్రిలో నర్సు.

ఇప్పుడు కబురు ఎవరి నోటా రానక్కర్లేదు, పిల్ల అరచేతిలోకే వచ్చి పడుతోంది. మైల అని దాన్ని మధ్యలో ఆపే మనిషి లేదు, అది మంచిదే. కానీ ఆపినందుకు నా పక్కన కూర్చుని ఏడ్చే మనిషి కూడా లేకుండా పోయింది. ఆ కొట్టు లేదు, పిన్ని పోయి చాలా రోజులైంది. ఇప్పుడు తల్లిదండ్రులు తలుపు దగ్గరగా వేసుకుని, ఎవరికీ తెలియనివ్వకుండా, ఫోను వెలుతురులో మొహాలు చూసుకుంటున్నారు. ఎవరో తెలియనివాళ్ళు ఇంకా తేల్చుకోలేదని ఇంటికి ఇల్లే తల దించుకోవడం నా కాలంలో నేను చూడలేదు. ఈ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు, వాళ్ళు అవునన్నా కాదన్నా ఇది ఇట్లాగే ఉంటుంది. ఆయన ఉంటే ఈపాటికి మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి వీధిలోకి తీసుకుపోయేవాడు. ఆ పని చెయ్యడానికి ఇప్పుడు నేనే ఉన్నాను, నాకు గొంతు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

రాసింది చాల్లే తల్లీ. ఇప్పుడు మొదటి నుంచి చదువు. నాకు వినబడితే సరిపోదు, పక్క గదిలో మీ అమ్మా నాన్నకు కూడా వినబడాలి, కాస్త గట్టిగా చదువు.