నానబెట్టిన రెండో ముక్క

నా చిన్నప్పుడు, ఏడో తరగతి చదువుతుండగా, మా అమ్మ తాండూరులో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేది. మిషను మీదినుంచి దిగిన నాపరాళ్లను ఎత్తి గోడకు వరుసగా నిలబెట్టడం ఆమె పని. ఎత్తేటప్పుడు రాయి అంచును మోకాలికి రెండు వేళ్లు పైన ఒక్క క్షణం ఆనించి, ఊపిరి పీల్చుకుని లేపేది. కొత్తగా కోసిన బండ అంచు కత్తికేం తీసిపోదు. ఒక బుధవారం నాడు చీర చిరిగి, సరిగ్గా ఆ చోటే కాలు తెగి, మూడు కుట్లు పడ్డాయి. సోమవారం మళ్లీ పనికి పోతానంది అమ్మ. పోవద్దని ఏడ్చాను, వినలేదు. మా ఇంట్లో మొండిదాన్ని నేనొక్కదాన్నే అంటారు గాని, ఆ గుణం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

అమ్మను ఆపలేకపోతే ఆ రాయినైనా ఆపాలనుకున్నాను. మా పక్కింటి అక్క జీన్స్ ప్యాంట్లు కుట్టేది. ఆమె దగ్గర బస్తాల నిండా డెనిమ్ ముక్కలుండేవి. శనివారం పొద్దున్నే వెళ్లి, అమ్మకు నడుము నుంచి మోకాలిదాకా వచ్చే ఏప్రన్ సోమవారంలోపు నేనే కుడతానని చెప్పాను. నాకు అప్పటికి కాజా కుట్టడం కూడా సరిగ్గా రాదు. అయినా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం నేను. అక్క నవ్వలేదు, కాదనలేదు. బస్తా కుమ్మరించి, నచ్చింది తీసుకోమంది.

నేను తీసుకున్నది అన్నిటికంటే మెత్తనిది. ముందే ఉతికి రంగు తగ్గించిన బట్ట, లాగితే సాగుతుంది, చేతికి హాయిగా ఉంది. అమ్మకు మెత్తనిదే కావాలి కదా! అక్క ఇంకో రెండు ముక్కలు తీసి దానిపక్కన పెట్టింది. ఒకటి చొక్కాలు కుట్టే పలచటి డెనిమ్. ఇంకొకటి మగ్గం దిగాక నీళ్లు ముట్టని పచ్చి డెనిమ్, ముదురు నీలం, అట్టలా బిరుసు. మూడింటినీ ఆమె గడప ముందున్న గరుకు బండ మీద ఒక్కోదాన్ని వందసార్లు రుద్దమంది.

పలచటిది నలభై దాటకముందే చిల్లిపడింది. నా మెత్తటి బట్ట కాస్త నయం, కాని డెబ్బైకి వచ్చేసరికి లోపలినుంచి సన్నటి తెల్ల రబ్బరు పోగులు పైకి లేచాయి. పైన పటారం, లోన లొటారం! పచ్చి డెనిమ్‌ను వంద కాదు, పంతం కొద్దీ రెండు వందలు రుద్దాను. నా అరచెయ్యి బొబ్బలెక్కింది, బండ నీలమైంది, బట్ట మాత్రం కాస్త పాలిపోయిందంతే.

అప్పుడు అక్క దాని అంచునుంచి రెండు పోగులు లాగి చూపించింది. నిలువుగా ఉండే పడుగు నీలం, అడ్డంగా ఉండే పేక తెలుపు. అందుకే పైన ఏటవాలు గీతలతో నీలంగా, తిరగేస్తే తెల్లగా కనిపిస్తుందట. నీలం పోగును గోటితో విప్పితే లోపల తెల్లగా ఉంది.

"చూడు చెల్లె, రంగు మీదమీదనే తాగింది. రాపిడి ఏడ తగుల్తదో ఆడ తెల్లగైతది. చినిగేదానికంటే ముందుగాల మనకు చెప్తది" అంది.

ఆ ముక్క నా చేతికిచ్చి, ఇంటికి పోగానే నానబెట్టి, ఆరాక రేపు తెమ్మంది, అప్పుడే కోద్దామంది. నాకు ఆగే ఓపికెక్కడిది? సోమవారం తరుముతోంది. ఇంటికెళ్లి అమ్మ నడుము నుంచి మోకాలిదాకా కొలిచి కోసేశాను. సూది దిగకపోతే చెంచా కాడతో నొక్కి, సాయంత్రందాకా చేత్తోనే అంచులు మడిచి కుట్టాను. పూర్తయ్యేసరికి నా చేతులూ గౌనూ నీలమయ్యాయి. ఆదివారం పొద్దున అమ్మ అది చూసి, కట్టుకుంటే చీరకంతా అంటుతుంది, ఒకసారి ఉతకమంది. ఉతికి మా ఇంటి మీద ఎండకేశాను.

మధ్యాహ్నం తెచ్చి అమ్మకు కడితే, నీళ్లకు ముడుచుకుపోయి నాలుగు వేళ్ల మేర కురచయింది. మోకాలిదాకా ఉండాల్సిన బట్ట సరిగ్గా కుట్లకు పైనే ఆగిపోయింది. గాయమే బయట ఉంది. అమ్మ, "పోనీ బిడ్డా, గింతైనా ఉంది గద" అంది. ఆ మాటకే నాకు ఏడుపు ఆగలేదు. నా తొందర అమ్మ కాలి మీదికి వచ్చిందని అర్థమైంది.

ఏడుస్తూనే అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఏప్రన్ చూసింది, నన్ను చూసింది. తిట్టలేదు. దండెం మీదినుంచి ఇంకో పచ్చి డెనిమ్ ముక్క తీసింది. నానబెట్టి, ఆరబెట్టి, మడతలు సాపు చేసి ఉంది.

"నువ్వు ఆగవని నాకెరుకే. అందుకే నిన్ననే ఇది నానేసిన. తీస్కో, మల్ల కుట్టు" అంది.

నన్ను మిషను ముందు కూర్చోబెట్టింది. మడతల దగ్గర సూది విరిగింది. ఇంకోటి వేసింది. అది కూడా విరిగితే, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేయమంది. పొద్దు గుంకేలోగా ముగించాను. సోమవారం అమ్మ అది కట్టుకునే పనికి పోయింది.

ఇప్పుడు నేను వికారాబాద్‌లో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నాను. మోకాళ్ల దగ్గర చింపి అమ్మే జీన్స్ వేసుకొచ్చే వాళ్లను చూస్తే నవ్వూ కోపమూ రెండూ వస్తాయి. చిరగకూడదని మేమంత తంటాలు పడితే, వీళ్లు ఏరికోరి చిరుగులు కొనుక్కుంటున్నారు! నా మొండితనం ఇప్పటికీ తగ్గలేదు, తడపకుండా కోయడం మాత్రం ఆ రోజుతోనే మానేశాను. ఎవరైనా తొందరపడి కత్తెర తీస్తే ఒకసారి చెబుతాను. విననివాళ్లను కోయనిస్తాను. వాళ్లకోసం ఇంకో ముక్క ముందే నానబెట్టి ఉంచుతాను.

అమ్మ ఆ ఏప్రన్‌ను ఏళ్ల తరబడి కట్టింది. ఇప్పుడది నా దగ్గరే ఉంది. అంతా నీలమే, మోకాలికి రెండు వేళ్లు పైన మాత్రం అడ్డంగా ఒక తెల్లటి చార. అదేమిటని పిల్లలు అడుగుతుంటారు. బండ ఆనిన చోటని చెబుతాను. ఆ బట్ట లేకపోతే అది మా అమ్మ కాలి మీద ఉండేదని కూడా చెబుతాను.