జార్జియా మంచుకు ముందు అస్కర్ ఇసుక

ఈద్ సెలవులకు జార్జియా వెళ్లి మంచు చూడాలని నా బామ్మర్ది శ్రీను పట్టు. చూడటంతో ఆగితే బాగుండేది. కాపలా ఉండే స్కీ మైదానం వదిలి, ఎవరూ తొక్కని వెనక కొండ ఎక్కిస్తానన్న గైడుతో ఫోన్లో మాట్లాడేశాడు. చెబితే వినే రకం కాదు. మంచులో పనిచేసిన ఒకాయన ఇక్కడే, గల్ఫ్‌లో మేముండే చోటికి దగ్గర్లోని అస్కర్‌లో ఉన్నాడని తెలిసి, వెళ్లేలోపు ఆయన్ని కలవాలని లాక్కెళ్లాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మేముండే తుబ్లీ నుంచి బయల్దేరాం. సెలవు రోజు బస్సు కోసం చాలాసేపు నిలబడాలని, తెలిసిన డ్రైవర్ సలీం భాయ్‌తో రానూపోనూ ఆరు దినార్లకు మాట్లాడుకున్నాం. అరగంటలో ఆయనుండే కార్మికుల క్యాంపు చేరాం. ఆయన పేరు రాజన్న, జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ డోజర్ నడుపుతాడు. అంతకుముందు కాశ్మీరు కొండదారుల్లో మంచు తోసే డోజర్ నడిపాడు. టీ ఇచ్చి, క్యాంపు వెనక ఇసుక గుట్ట దగ్గరికి తీసుకెళ్లాడు.

ముందువారం వాన పడింది. ఆయన పారతో గుట్ట అంచును నిలువుగా కోసి చూపించాడు. పైన వానకు గట్టిపడిన పెచ్చు, దాని కింద పిండిలాంటి పొడి ఇసుక. మంచూ ఇలాగే పొరలుగా పడుతుందట. లోపలి పొరకు పట్టు లేకపోతే మనిషి బరువుకే పైపొరంతా జారిపోతుందట. శ్రీను నవ్వి, మోకాలెత్తు అంచు మీద కాలు వేశాడు. లోపల ధబ్‌మని అణిగిన చప్పుడు. సన్నటి పగులు అతని పాదం దగ్గర మొదలై గుట్ట అవతలిదాకా పాకింది.

"గా సప్పుడు మంచుల ఇన్నవంటే, నువ్వు నిలవడ్డ జాగ అప్పటికే కదిలినట్టు" అన్నాడు రాజన్న.

కాశ్మీరులో ఉండగా ఆయనా, కిషన్ అనే మరో ఆపరేటరూ ఒకరోజు కొండ పై క్యాంపుకు రేషను మోసుకెళ్తున్నారట. నడుముకు పొడవాటి ఎర్రతాడు కట్టుకుని వెనక ఈడ్చుకుంటూ నడవాలని అక్కడ రూలు. మంచు కప్పేసినా తేలికైన తాడు పైన కనబడుతుంది, దాన్ని పట్టుకుని తవ్వుతారు. అలాంటి ధబ్‌మన్న చప్పుడే విని ఆయన తల తిప్పేసరికి కిషన్ లేడు. జారిపడిన మంచు మీద తాడు ఎర్రటి కొస ఉంది.

"తాడు వట్టుకొని తవ్వుకుంట పోయిన తమ్మీ. అవతలి కొసకు పిండి మూట ఉన్నది. మూట జారుతున్నదని కిషన్ అంతకుముందే నడుముకున్న తాడు ఇప్పి దానికి కట్టిండు. నేను సూసిన. ఏమనలే."

కిషన్‌ను ఎండాకాలంలో మంచు కరిగాక తీశారట. ఇప్పటికీ గుట్ట పక్కన డోజర్ ఆపితే లోపల ఎవరో మెల్లగా తడుతున్నట్టు ఉంటుందనీ, దిగి విన్నాకే మళ్లీ నడుపుతాననీ చెప్పాడు. చెబుతూనే కూర్చుని ఇసుకకు చెవి ఆనించాడు. నేనూ ఆనించాను. ఏదో వినిపించినట్టనిపించింది, శ్రీనుకు మాత్రం చెప్పలేదు.

తిరుగుదారిలో శ్రీను ఫోను తీశాడు. వెనక కొండకు రావడం లేదని గైడుకు తనే మెసేజ్ పెట్టాడు. జార్జియా వెళ్తాం, కాపలా ఉన్నచోటే ఆడుకుంటాం. ఇన్నాళ్లూ మంచంటే నాకు తెల్లగా, మెత్తగా ఉండేదే. దాని కింద ఏముందో అడగాలని ఎప్పుడూ తోచలేదు. భయపడి వెనక్కి తగ్గామని ఎవరైనా నవ్వితే నవ్వనీ, నాకు హాయిగానే ఉంది.

అయినా వెనక కొండలకే వెళ్తామంటారా, ఆ ఉదయం మంచు చరియల హెచ్చరిక చదవండి. ఇప్పుడు తాడు బదులు సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరం ఇస్తారు. బరువనిపించినా దాన్ని బ్యాగులో పెట్టకండి, జాకెట్ లోపల ఒంటికే కట్టుకోండి. మీకు బదులు బ్యాగు దొరికితే ఇంట్లోవాళ్లు ఏం చేసుకుంటారు?